ఒక పక్క మంచినీళ్లు, ఒక పక్క ఉప్పునీళ్లు: స్టాక్‌హోంను అర్థం చేసుకోవడం ఎలా

స్వీడన్ రాజధాని స్టాక్‌హోం మ్యాప్‌ను మొదటిసారి చూసినవాళ్లకు తికమక తప్పదు. ఎటు చూసినా నీలం రంగే. ఒక చోట 14 దీవులు అని ఉంటుంది, ఇంకో చోట 30 వేల దీవులు అని ఉంటుంది. ఊరి మధ్యలో కనిపించేది నదా, సరస్సా, సముద్రమా అన్నది వారం రోజులు తిరిగినా కొందరికి తేలదు. నగర ఉత్తర శివారు కిస్టాలో టెలికాం, సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలా ఉన్నాయి. ఎరిక్సన్ ప్రధాన కార్యాలయం అక్కడే. అలాంటి చోట్ల పనిచేస్తున్న పిల్లల దగ్గరకు వేసవిలో వెళ్లే తెలుగు తల్లిదండ్రులు కూడా రాజభవనం, మ్యూజియం, పడవ షికారు అని ఒక్కొక్కటీ విడివిడిగా చూసి వస్తుంటారు. కానీ ఇవన్నీ ఒకే కథలోని భాగాలు. ఆ కథ నీటి మట్టానిది. దాన్ని పట్టుకుంటే ఊరంతా అర్థమవుతుంది.

ముందుగా రెండు మాటల తేడా. స్కాండినేవియా అంటే సాధారణంగా డెన్మార్క్, నార్వే, స్వీడన్. వీటికి ఫిన్లాండ్, ఐస్‌లాండ్ కూడా కలిపితే నార్డిక్ దేశాలు. స్వీడన్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది, షెంగెన్ వీసా పనిచేస్తుంది, కానీ అక్కడి డబ్బు యూరో కాదు, క్రోనా.

దీవుల లెక్కలు రెండూ సరైనవే

14 అన్నది నగరం పరుచుకున్న ప్రధాన దీవుల లెక్క. 30 వేలు అన్నది నగరానికి తూర్పున బాల్టిక్ సముద్రంలోకి చెదిరి ఉన్న ద్వీపసమూహం లెక్క. అందులో రాతి తిప్పలు కూడా కలిసి ఉన్నాయి. చాలావాటి మీద మనుషులే ఉండరు.

ఇక నీళ్ల సంగతి. నగరానికి పడమట ఉన్నది మెలారెన్ అనే పెద్ద సరస్సు. మంచినీళ్లు. స్టాక్‌హోం ప్రాంతంలో దాదాపు 20 లక్షల మంది తాగేది ఈ నీళ్లే. తూర్పున ఉన్నది బాల్టిక్ సముద్రపు పాయ, ఉప్పునీళ్లు. ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో, గొంతుక లాంటి ఇరుకు నీటిదారికి అడ్డంగా కూర్చున్న చిన్న దీవి మీదే పాత ఊరు ఉంది. దాని పేరు గామ్లా స్టాన్. సరస్సు మట్టం సముద్రం కంటే సగటున 70 సెంటీమీటర్లు ఎత్తు. ఇంత చిన్న తేడానే ఈ ఊరికి ఆధారం.

ఆ తేడాను కళ్లతో చూడాలంటే పార్లమెంటు భవనానికీ రాజభవనానికీ మధ్య ఉన్న వంతెన మీద నిలబడాలి. సరస్సు నీళ్లు సుళ్లు తిరుగుతూ, నురగ కక్కుతూ సముద్రంలోకి దూకుతుంటాయి. రాజధాని నడిబొడ్డున, రాజుగారి కిటికీల కింద, జనం గాలాలు వేసి సాల్మన్ చేపలు పట్టుకుంటూ ఉంటారు. అక్కడ గాలం వేయడానికి ఫీజు లేదు.

నేల పైకి లేవడం అంటే ఏమిటి?

వెయ్యేళ్ల కిందట మెలారెన్ సరస్సు కాదు, సముద్రంలో భాగం. ఆ తర్వాత సరస్సు అయింది. నీళ్లు తగ్గడం వల్ల కాదు, నేల పైకి లేవడం వల్ల.

మంచుయుగంలో స్కాండినేవియా మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని ఉండేది. ఆ బరువుకు నేల కిందికి కుంగింది. పదివేల ఏళ్ల కిందటే మంచు కరిగిపోయినా, నేల మాత్రం ఇంకా తిరిగి పైకి వస్తూనే ఉంది. పరుపు మీద చాలాసేపు కూర్చున్న మనిషి లేచి వెళ్లాక గుంట మెల్లగా పూడినట్టు. కాకపోతే ఇక్కడ ఆ పూడడానికి వేల ఏళ్లు పడుతోంది. స్టాక్‌హోం దగ్గర నేల ఏడాదికి దాదాపు 5 మిల్లీమీటర్లు లేస్తుంది. సముద్రం కూడా కొంత పెరుగుతూ వచ్చింది కాబట్టి ఒడ్డున కనిపించిన తేడా ఏడాదికి సుమారు 4 మిల్లీమీటర్లు.

చిన్న లెక్క వేద్దాం. స్టాక్‌హోం పేరు రాతపూర్వకంగా మొదట కనిపించేది 1252లో. అప్పటి నుంచి 770 ఏళ్లు దాటాయి. 770ని 4తో గుణిస్తే 3,080 మిల్లీమీటర్లు, అంటే మూడు మీటర్ల పైమాట. ఒక అంతస్తు ఎత్తు. ఓడల మీద తిరిగి దాడులు, వ్యాపారం చేసిన వైకింగుల కాలానికి, అంటే 1,100 ఏళ్లు వెనక్కి వెళితే, దాదాపు నాలుగున్నర మీటర్లు. ఇప్పుడు మనం నడిచే వీధుల్లో కొన్ని అప్పుడు నీళ్లలో ఉన్నాయన్నమాట.

ఈ విషయం తేలడానికి చాలాకాలం పట్టింది. 18వ శతాబ్దంలో దీని మీద స్వీడన్‌లో పెద్ద వాదన నడిచింది. ఉష్ణోగ్రత కొలమానం ద్వారా మనందరికీ తెలిసిన ఆండర్స్ సెల్సియస్ 1731లో యెవ్లే పట్టణం దగ్గరి ఒక దీవిలో బండ మీద నీటి మట్టం దగ్గర గీత చెక్కించాడు. అంతకు ముందు ఆయన పట్టుకున్న ఆధారం సీల్ జంతువులు ఎక్కి పడుకునే బండలు. వాటి మీద వేట హక్కులు ఉండేవి, కాబట్టి పాత పత్రాల్లో వాటి ప్రస్తావనలు దొరికేవి. ఒకప్పుడు సీళ్లు ఎక్కిన బండలు తర్వాత నీటికి మరీ ఎత్తైపోయి పనికిరాకుండా పోయాయి. సెల్సియస్ దీన్ని చూసి సముద్రమే తగ్గిపోతోందని అనుకున్నాడు. కొలత సరైనదే, కారణం తప్పు. లేస్తున్నది నేల అని తర్వాతి తరాలు తేల్చాయి. స్టాక్‌హోంలో 1774 నుంచి సముద్ర మట్టాన్ని వరుసగా నమోదు చేస్తున్నారు. ప్రపంచంలో ఇంత పొడవైన వరుస రికార్డులు చాలా అరుదు.

బిర్కా నుంచి సిగ్టునా, అక్కణ్నుంచి స్టాక్‌హోం

ఈ ప్రాంతంలో మొదటి పెద్ద వ్యాపార పట్టణం స్టాక్‌హోం కాదు, మెలారెన్‌లోని ఒక దీవి మీద ఉన్న బిర్కా. 8వ శతాబ్దం మధ్యలో మొదలై, సుమారు రెండు వందల ఏళ్లు నడిచి, 10వ శతాబ్దం చివర్లో ఖాళీ అయిపోయింది. 1993లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వేసవిలో స్టాక్‌హోం నుంచి పడవ మీద వెళ్లి రావచ్చు. వైకింగుల ఆనవాళ్ల కోసం వెతికేవాళ్లు వెళ్లాల్సింది అక్కడికే. స్టాక్‌హోం వైకింగుల ఊరు కాదు.

బిర్కా ఎందుకు ఖాళీ అయింది? నేల లేచి దక్షిణం వైపు పడవల దారి మూసుకుపోవడం వల్లనని కొందరంటారు. తూర్పు దేశాలతో వ్యాపారం దారి మళ్లడమని, రాజు అండ సిగ్టునా అనే కొత్త పట్టణానికి పోవడమని ఇంకొందరంటారు. ఇవి ఒకదాన్నొకటి కొట్టేసే వాదనలు కావు.

స్టాక్‌హోం పుట్టుక మీదా ఇలాంటి చర్చే ఉంది. 1320ల నాటి ఒక పద్య చరిత్ర ప్రకారం, 13వ శతాబ్దం మధ్యలో స్వీడన్‌ను ఏలిన బిర్గర్ యార్ల్ సముద్రపు దొంగలు మెలారెన్‌లోకి రాకుండా ఈ గొంతుక దగ్గర కోట కట్టించాడు. 1187లో సిగ్టునా మీద తూర్పు నుంచి వచ్చినవాళ్లు దాడి చేసి తగలబెట్టారు కాబట్టి ఈ కథ నమ్మేలాగే ఉంటుంది. మరో వాదన వ్యాపారం వైపు నుంచి వస్తుంది. 1200 నాటికి నేల లేచి గొంతుక ఇరుకై, ప్రవాహం ఉద్ధృతమైంది. పెద్ద ఓడలు నేరుగా లోపలికి వెళ్లలేని పరిస్థితి. సరుకు ఇక్కడ దించి, చిన్న పడవల్లోకి ఎక్కించాలి. సరుకు దిగే చోట గిడ్డంగి వస్తుంది, కూలీలు వస్తారు, సత్రం వస్తుంది, పన్ను వసూలు చేసేవాడూ వస్తాడు. ఎవరూ పునాది రాయి వేయకపోయినా ఊరు ఏర్పడుతుంది. బిర్గర్ యార్ల్ ఏర్పడుతున్న ఊరిని గుర్తించి, గోడ కట్టి, జర్మన్ వర్తకులను పిలిచి బలపరిచాడనేది నాకు సబబుగా తోచే మాట.

ఆ జర్మన్ వర్తకుల పాత్ర చిన్నది కాదు. స్వీడన్ గనుల్లోని ఇనుము, రాగి మెలారెన్ మీదుగా స్టాక్‌హోం చేరి, ల్యూబెక్ లాంటి జర్మన్ రేవులకు వెళ్లేవి. నగర మండలిలో సగం స్థానాలు జర్మన్లవే అనే నియమం 1471 దాకా ఉండేది. గామ్లా స్టాన్‌లో ఇప్పటికీ నిలబడి ఉన్న జర్మన్ చర్చి వారి జ్ఞాపకమే.

పాత ఊరి వీధుల్లో పాత ఒడ్డు

గామ్లా స్టాన్‌లో ఎక్కువమంది వెస్టర్‌లోంగ్‌గాటన్ అనే వీధిలో ఐస్‌క్రీమ్ తింటూ, బొమ్మలు కొంటూ తిరుగుతారు. ఈ వీధికి తూర్పున ఇలాంటిదే ఇంకొకటి ఓస్టర్‌లోంగ్‌గాటన్. ఈ రెండు పొడవాటి వీధులూ ఒకప్పటి కోటగోడ బయట ఉండేవి. అంటే అసలు పాత ఊరు ఈ రెండింటి మధ్య ఉన్న గుట్ట మాత్రమే. పెద్ద చౌరస్తా స్టోర్‌టోర్యెట్, పెద్ద చర్చి, రాజభవనం అన్నీ ఆ ఎత్తు మీదే ఉన్నాయి.

తూర్పు వీధి నుంచి సముద్రం వైపు దిగే సందులను గమనించండి. పక్కపక్కనే, ఇరుగ్గా, నేరుగా నీటి వైపు దిగుతాయి. ఒడ్డు వెనక్కి జరిగేకొద్దీ జనం నీళ్లలో దుంగలు దించి, చెత్తా మట్టీ నింపి, రేవును ముందుకు జరుపుకుంటూ పోయారు. ఆ పూడ్చిన నేల మీద కట్టిన ఇళ్లలో కొన్ని ఇప్పుడు పక్కకు ఒరుగుతున్నాయి. భూగర్భ జలం తగ్గినప్పుడు కింద ఉన్న చెక్క దుంగలకు గాలి తగిలి కుళ్లిపోవడమే కారణం. గోడలను జాగ్రత్తగా చూస్తే కిటికీల చట్రాలు వాలి ఉండడం తెలుస్తుంది. పడమటి వీధికి దక్షిణపు కొసన మార్టెన్ ట్రోట్సిగ్ సందు ఉంది. అత్యంత ఇరుకైన చోట దాని వెడల్పు 90 సెంటీమీటర్లే.

స్టోర్‌టోర్యెట్ చౌరస్తాలో 1520 నవంబరులో జరిగిన ఘోరాన్ని స్టాక్‌హోం రక్తపాతం అంటారు. అప్పట్లో డెన్మార్క్, నార్వే, స్వీడన్‌లు ఒకే రాజు కింద ఉండాలన్న ఒప్పందం ఉండేది. 1397 నాటి ఆ ఏర్పాటు పేరు కాల్మార్ యూనియన్. స్వీడన్‌లో ఒక వర్గం దాన్ని ఒప్పుకోలేదు. డెన్మార్క్ రాజు రెండో క్రిస్టియన్ స్టాక్‌హోంను లొంగదీసుకుని, క్షమాభిక్ష ప్రకటించి, పట్టాభిషేకం విందులు చేశాడు. విందులు ముగియగానే అతిథులను బంధించి, మతద్రోహం నేరం మోపి, 80 నుంచి 100 మందిని చంపించాడు. పథకం రాజుదా, పాత పగలున్న ఆర్చ్‌బిషప్ గుస్తావ్ ట్రోలెదా అన్నది చరిత్రకారులు నేటికీ వాదించుకునే విషయం. రాజద్రోహానికి క్షమాభిక్ష ఇవ్వగలడు గానీ మతద్రోహాన్ని రాజు మాఫీ చేయలేడన్న చట్టపు మెలికను వాడుకున్నారనడంలో మాత్రం పెద్దగా తేడా లేదు.

చచ్చినవాళ్లలో ఒకరి కొడుకు గుస్తావ్ వాసా తిరుగుబాటు లేవదీసి, 1523 జూన్ 6న రాజుగా ఎన్నికయ్యాడు. ఆ తేదీ ఇప్పుడు స్వీడన్ జాతీయ దినం. చౌరస్తాలోని ఎర్ర ఇంటి మీద ఉన్న ఒక్కో తెల్ల రాయి ఒక్కో తెగిన తలకు గుర్తు అని గైడ్లు చెబుతుంటారు. ఆ ముఖభాగం 17వ శతాబ్దానిది కాబట్టి అది కథ మాత్రమే.

రాజభవనం గురించి ఒక్క మాట చాలు. పాత కోట 1697లో కాలిపోయింది. ఇప్పుడున్న భవనం 1754లో పూర్తయింది. గదులు 600కు పైగా ఉన్నాయి. రాజ కుటుంబం నివాసం మాత్రం ఇక్కడ కాదు, నగరం బయట.

వాసా ఓడ: మునగడం సరే, చెక్కు చెదరకుండా ఎలా ఉంది?

సమయం తక్కువగా ఉండి ఒక్క మ్యూజియమే చూడగలిగితే వాసా చూడాలని గట్టిగా చెబుతాను. 1628 ఆగస్టు 10న, 64 ఫిరంగులతో, రాజభవనం కింద రేవు నుంచి బయలుదేరిన యుద్ధనౌక ఇది. సుమారు 1,300 మీటర్లు వెళ్లింది. గాలి విసురుకు ఒక పక్కకు ఒరిగింది. తెరిచి ఉన్న కింది వరుస ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు లోపలికి వచ్చాయి. ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా మునిగిపోయింది. దాదాపు 30 మంది చనిపోయారు.

ప్రయాణానికి ముందే ప్రమాదం తెలుసు. 30 మంది నావికులను డెక్ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు పరుగెత్తించి పరీక్ష చేశారు. మూడోసారికి ఓడ విపరీతంగా ఊగడంతో అడ్మిరల్ ఆపించాడు. అయినా ఓడ బయలుదేరింది. తప్పెవరిది? రాజు రెండో గుస్తావ్ అడాల్ఫ్ ఎక్కువ ఫిరంగులు కావాలని తొందరపెట్టాడన్నది ఒక వాదన. ఓడ పైభాగం మొదటి నుంచీ అవసరాన్ని మించి బరువుగా కట్టారని, బరువు లెక్కగట్టే శాస్త్రమే అప్పటికి లేదని ఇంకో వాదన. ఓడలో రెండు రకాల అడుగు కొలబద్దలు దొరికాయి. స్వీడిష్ అడుగుకు 12 అంగుళాలు, ఆమ్‌స్టర్‌డామ్ అడుగుకు 11. ప్రధాన నిర్మాత హెన్రిక్ హైబర్ట్‌సన్ ఏడాది ముందే చనిపోయాడు. విచారణ జరిగింది, ఎవరికీ శిక్ష పడలేదు.

ఇక అసలు ఆశ్చర్యం: 333 ఏళ్లు నీళ్ల కింద ఉన్న చెక్క ఓడ ఎందుకు పుచ్చిపోలేదు? మళ్లీ నీళ్లే కారణం. బాల్టిక్‌లోకి నదులు, మెలారెన్ లాంటి సరస్సులు మంచినీళ్లు పోస్తూనే ఉంటాయి. బయటి మహాసముద్రంతో దానికి ఉన్న దారి ఇరుకు. అందుకే ఇక్కడ ఉప్పు చాలా తక్కువ. చెక్కను తొలిచే ఓడపురుగు ఇంత తక్కువ ఉప్పులో బతకదు. 1956లో ఆండర్స్ ఫ్రాంజెన్ ఓడను కనిపెట్టాడు, 1961 ఏప్రిల్ 24న పైకి తీశారు. మ్యూజియంలో కనిపించేదాంట్లో నూటికి 98 పాళ్లు అసలు చెక్కే. చెక్కిన సింహాల పళ్ల దాకా స్పష్టంగా ఉంటాయి.

కూల్చిన ఊరు, తొలిచిన రాయి

సెంట్రల్ స్టేషన్ నుంచి బయటికొచ్చిన సందర్శకుడు అడిగే ప్రశ్న: పాత రాజధాని అన్నారు, ఈ గాజు, కాంక్రీటు ఏమిటి? 1950ల నుంచి 1970ల దాకా నోర్‌మాల్మ్ దిగువ భాగాన్ని, అంటే క్లారా అనే పాత పేటను, నగరపాలిక కూల్చి మళ్లీ కట్టింది. వందల ఇళ్లు పోయాయి. వాటి స్థానంలో ఐదు ఒకేలాంటి టవర్లు, సెర్గెల్స్ టోర్య్ అనే నలుపు తెలుపు త్రికోణాల చౌరస్తా వచ్చాయి.

సమర్థించేవాళ్ల వాదన తేలిక వాదన కాదు. ఆ ఇళ్లలో చాలావరకు శిథిలమై ఉన్నాయి, మెట్రోకు తవ్వకం ఎలాగూ తప్పదు, పెరుగుతున్న నగరానికి ఆఫీసులు, రోడ్లు కావాలి. ప్రపంచయుద్ధంలో ధ్వంసం కాని నగరాన్ని సొంత పాలకులే కూల్చారన్నది విమర్శకుల బాధ. 1971 మేలో కుంగ్‌స్ట్రెగోర్డెన్ తోటలో మెట్రో ద్వారం కోసం ఎల్మ్ చెట్లు నరకబోతే జనం చెట్లెక్కి కూర్చున్నారు. నగరం వెనక్కి తగ్గింది, చెట్లు మిగిలాయి. తర్వాత కూల్చివేతల జోరూ తగ్గింది. సెర్గెల్స్ టోర్య్‌ను ఇష్టపడేవాళ్లు ఇప్పుడు కొత్త తరంలో ఉన్నారు. చెట్ల విషయంలో మాత్రం నా ఓటు ఎక్కినవాళ్లకే.

అదే కాలం ఇచ్చిన గొప్ప కానుక మెట్రో. 1950లో మొదలైంది, ఇప్పుడు వంద స్టేషన్లు, వాటిలో 90కి పైగా చోట్ల చిత్రాలు, శిల్పాలు ఉన్నాయి. కొన్ని స్టేషన్లను మంచుయుగపు మంచు గీకి వదిలేసిన గట్టి రాతిలోనే గుహల్లా తొలిచి, గోడలు నున్నగా చేయకుండా రాతి ఒంపుల మీదే రంగులు వేశారు. ప్రధాన స్టేషన్ టి-సెంట్రాలెన్‌లో నీలం గీతలతో వేసిన తీగలు, ఆకులు కనిపిస్తాయి. సోల్నా సెంట్రుమ్‌లో పైకప్పంతా ఎరుపు. ఒక్క టికెట్‌తో ఇవన్నీ చూసిరావచ్చు.

సరస్సు ఒడ్డున ఉన్న ఎర్ర ఇటుకల సిటీ హాల్ 1923లో తెరిచారు. నోబెల్ విందు జరిగేది ఇక్కడ, బహుమతులు ఇచ్చేది మాత్రం సంగీత కచేరీలు జరిగే భవనంలో. శాంతి బహుమతి ఒక్కటి నార్వే రాజధాని ఓస్లోలో ఇస్తారు. విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్ 1930 డిసెంబరులో భౌతికశాస్త్ర బహుమతి అందుకున్నది ఈ ఊళ్లోనే.

స్లుస్సెన్ గొడవ: నేల లేస్తున్నా వరద భయం ఎందుకు?

గామ్లా స్టాన్‌కు దక్షిణాన ఏళ్ల తరబడి క్రేన్లు కనిపించే చోటు స్లుస్సెన్. ఇక్కడ లాకు ఉంది. లాకు అంటే గోదావరి, కృష్ణా డెల్టా కాలువల ఒడ్డున పెరిగినవాళ్లకు వివరించక్కర్లేదు: రెండు తలుపుల మధ్య నీటి మట్టం మార్చి పడవను ఎత్తు నుంచి పల్లానికి దించే ఏర్పాటు. మొదటి లాకు 1642లో, క్రిస్టినా రాణి కాలంలో వచ్చింది. ఆ తర్వాత చాలాసార్లు మార్చి కట్టారు. 1935లో లాకు పైన గుండ్రంగా తిరిగే కాంక్రీటు రోడ్ల కూడలి కట్టారు, అప్పట్లో అదొక అద్భుతం. 2016లో దాన్ని కూల్చి కొత్తది మొదలుపెట్టారు. చైనాలో తయారు చేసి ఓడ మీద తెచ్చిన బంగారు రంగు వంతెన 2020లో వాడకంలోకి వచ్చింది.

పాత కాంక్రీటు పగిలిపోతోంది, అది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం సరస్సు నీళ్లు. భారీ వర్షాలు పడినప్పుడు మెలారెన్ నీటిని సముద్రంలోకి వదిలే తూములు చాలడం లేదు. 2000 చివర్లో సరస్సు ప్రమాదకరంగా నిండింది. కొత్త స్లుస్సెన్ దగ్గర నీటిని వదిలే సామర్థ్యం పాతదానికి దాదాపు ఐదు రెట్లు. వ్యతిరేకించినవాళ్లు ఈ వరద వాదనను తోసిపుచ్చలేదు. 1935 కూడలి వారసత్వ కట్టడమని, బాగుచేసి ఉంచాల్సిందని, కొత్త రూపం కార్లకే ఎక్కువ చోటిస్తుందని, ఖర్చు అదుపు తప్పిందని అన్నారు.

ఇక్కడే లెక్క జటిలమవుతుంది. నేల ఏడాదికి 5 మిల్లీమీటర్లు లేస్తుంటే, ప్రపంచ సముద్ర మట్టం ఇప్పుడు ఏడాదికి 4 మిల్లీమీటర్లకు దగ్గరగా పెరుగుతోంది. ఇన్ని శతాబ్దాలు వెనక్కి వెళ్లిన సముద్రం దాదాపు ఆగిపోయినట్టే. వేడి పెరిగేకొద్దీ సముద్రం నేలను దాటిపోవచ్చు. సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న తేడా 70 సెంటీమీటర్లే. అది తగ్గితే వరద నీళ్లను వదలడం కష్టమవుతుంది, తేడా తలకిందులైతే 20 లక్షల మంది తాగే నీళ్లలో ఉప్పు చేరుతుంది. కొత్త తలుపులు కొంతకాలం కాపాడతాయి. ఆ తర్వాత ద్వీపసమూహం దగ్గరే సముద్రానికి అడ్డుకట్టలు కట్టాలా, తాగునీటికి వేరే సరస్సులు వెతుక్కోవాలా అన్న చర్చ స్వీడన్ నిపుణుల్లో ఇప్పటికే మొదలైంది.